గూట్లో పుట్టిన సాక్షి

పోయిన వారం వాచీలమ్మని సెలూన్ వెనక సందులో, చెత్తడబ్బా పక్కన నిలబెట్టి నేను ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాను. ఇవాళ వచ్చి చూద్దును కదా, మనిషి అక్కడే ఉంది. కోపం మాత్రం వారం రోజుల వడ్డీతో కలిసి కూర్చుంది.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి కదులుదాం. వాచీలమ్మ గడియారాలు బాగుచేస్తుంది. పగలంతా కంటికి నల్లటి అద్దం బిగించుకుని నువ్వుగింజంత మరల్ని విప్పి బిగిస్తుంది. పొద్దువాలితే మేడమీద గదిలో తన ఫించ్ పిట్టల దగ్గరికి చేరుతుంది. ఎవరింట్లోనూ లేని రంగు ఒకటి ఆమె పిట్టల్లో పుట్టింది. మీగడ రంగు. ఆ రంగుతో పుట్టిన మొదటి పుంజు ఇప్పుడు ముసలిదైంది, అందరూ దాన్ని ముసలి మీగడ అంటారు. ఆ రంగు నిలవాలంటే దాని పిల్లల్ని దాని పిల్లలకే కట్టుకుంటూ పోతే కుదరదు, పీలపిట్టలు పుడతాయి. బయటి రక్తం రావాలి. అందుకని ముసలి మీగడ కూతురు పెంకిని, తలమీద కుచ్చున్న బూడిదరంగు పెట్టని, ఒక్క విడత గుడ్ల కోసం అక్కమొగుడికి ఇచ్చింది. ఆయనకి సెలూన్ ఉంది, వెనక గదిలో పిట్టలున్నాయి. "కుచ్చులేని పుంజుతోనే జతకట్టండి బావగారూ" అని చిలక్కి చెప్పినట్టు చెప్పి మరీ ఇచ్చింది.

ఇంకొక్క సంగతి. అయిదేళ్ల కిందట ఆమె గదిలోంచి ఒక కుచ్చు పిల్ల మాయమైంది. తలుపు గడియ వెయ్యకుండా వదిలేసింది తమ్ముడేనని, తను కళ్లారా చూశానని వాళ్లమ్మ చెప్పింది. వాచీలమ్మ తమ్ముణ్ణి ఇంట్లోంచి పంపేసింది. ఇప్పుడతను రెండు వీధుల అవతల పంక్చర్లు వేసుకుంటున్నాడు. అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు.

పోయిన వారం ఆమె ఆ చెత్తడబ్బాలో, కత్తిరించి పారేసిన వెంట్రుకల మధ్య, చిన్నచిన్న తెల్లటి గుడ్లు చూసింది. వాటిని అగ్గిపెట్టెలో దూది పరిచి పెట్టుకుంది. ఇక నడుస్తోంది. ఆ నడక చూసి సందులోని సైకిళ్లు వాటంతట అవే గోడకి ఒదిగి దారిచ్చాయని చెబితే మీరు నమ్మరు. నమ్మకండి. నేను మాత్రం చూశాను.

సెలూన్లో కుర్చీ మీద బీరువాల షావుకారు ఉన్నాడు. మెడ చుట్టూ తుండుగుడ్డ, ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగతో. బావ కత్తి ఎత్తి పట్టుకుని ఏదో పెద్ద కథలో ఉన్నాడు. తన జుట్టుని కూడా ముందుకి కుచ్చులాగా దువ్వుకుంటాడాయన. గాలొస్తే ముందు ఆ కుచ్చు గుమ్మం దాటుతుంది, తర్వాత మనిషి.

వాచీలమ్మ అగ్గిపెట్టెని దువ్వెనల మధ్య పెట్టి తెరిచింది.

"బావగారూ, ఇవేంటండీ?"

బావ వంగి చూశాడు. "గుడ్లలాగా ఉన్నాయే మరదలా. కోడివైతే కాదు."

"హాస్యాలొద్దు. టార్చిలైటు పెట్టి చూశాను. లోపల పిల్లలు తయారై చచ్చిపోయాయి. రోజంటే రోజులో బయటికి రావాల్సినవి."

"ఏదో చెడిపోయుంటాయి. నీ పెంకి సరిగ్గా పొదగలేదు. నేనేం చేస్తాను, నేనెక్కి కూర్చోనా?"

షావుకారు కిసుక్కున నవ్వాడు. వాచీలమ్మ అతని వైపు తిరిగింది. నవ్వు నురగలో కలిసిపోయింది.

"పెంకిని ఎవరితో కట్టారు?"

"నువ్వు చెప్పినట్టే..."

"నేను చెప్పినట్టేనా?"

బావ కత్తిని తోలుపట్టీ మీద రెండు మార్లు గీశాడు. వీధి గుమ్మం వైపు ఒకసారి, వెనక గది తలుపు వైపు ఒకసారి చూశాడు. "నా కుచ్చు పుంజు కిరీటంతో కట్టాను. అయితే ఏంటంట? దానికి కుచ్చు, దీనికి కుచ్చు. రెండూ కలిస్తే పిల్లకి ఎంత కుచ్చు వస్తుందో ఆలోచించు. గొడుగంత వస్తుంది! వానాకాలం దాని కింద మనం నిలబడొచ్చు."

"వస్తుంది. గుడ్డులోనే వస్తుంది, గుడ్డులోనే పోతుంది." ఆమె గొంతు కుర్చీ ముందున్న అద్దాన్ని వణికించింది. "ఎన్నిసార్లు చెప్పాను? కుచ్చు ఒక వైపు నుంచి వస్తే చాలు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చిందా, ఆ పిల్ల బతకదు. అన్నీ చావవు, కొన్ని చస్తాయి. ఆ కొన్ని ఇవి! చూడండి, ముక్కు మీద పెంకు పగలగొట్టే గట్టితనం కూడా వచ్చింది వీటికి. మీ గొడుగు కోసం వీటిని చంపారు."

"చంపానంటావేంటి? నేనేమన్నా పీక పిసికానా?"

"పెంకి మీద పెట్టారుగా నేరం! సరిగ్గా పొదగలేదట! ఇదివరకు మీ పెట్టల్ని ఎన్నింటిని పంపేశారు, గుడ్లు చెడగొడుతున్నాయని? వాటి తప్పేముంది? కట్టేది మీరు, చచ్చేవి పిల్లలు, తిట్లు పెట్టలకి."

"ఏమ్మా, కాస్త మెల్లిగా. షావుకారుగారు ఉన్నారు."

"ఉండనివ్వండి. ఆయనకీ తెలియాలి, ఎవరి కత్తి కింద మెడ పెట్టాడో."

షావుకారు కత్తి ఎక్కడుందో చూసుకున్నాడు. కొంచెం పక్కకి జరిగాడు.

బావకి రోషం వచ్చింది. మామూలుగా ఆయనకి రోషం రాదు. వచ్చినా కుచ్చు దగ్గర ఆగిపోతుంది. ఇవాళ మాత్రం కిందిదాకా దిగింది. కత్తి బల్లమీద పడేశాడు.

"చచ్చినవే ఏరుకొచ్చావు. బతికినవాటి సంగతి అడిగావా? ఎప్పుడూ ఏడుపే! పద, చూపిస్తాను. నా కిరీటం ఏం పుట్టించాడో చూసి మాట్లాడు. చూశాక నువ్వే నాకు దణ్ణం పెడతావు."

"పదండి."

"అయితే ఒక షరతు. లోపల అరవకూడదు. గూటి దగ్గర అరిస్తే తల్లి పిల్లల్ని వదిలేస్తుంది. నీకు తెలుసుగా."

తెలుసు. అందుకే వాచీలమ్మకి ఒళ్లు మండిపోయింది. తనకి పాఠం చెప్పే అర్హత లేని మనిషి, తను నేర్పిన పాఠమే తనకి అప్పజెబుతున్నాడు. పళ్లు బిగించి తల ఊపింది.

తెర తొలగించి ఇద్దరూ లోపలికెళ్లారు. వాళ్ల వెనకే బీరువాల షావుకారు కూడా, తుండుగుడ్డతో, నురగతో. ఆయన్ని ఎవరూ పిలవలేదు. అయినా కత్తిలేని కుర్చీలో కూర్చుని ఏం చేస్తాడు పాపం.

వెనక గది ఇరుకు. ఒక వైపు గోడ నిండా పంజరాలు, ఇంకో వైపు సందులోకి తలుపు, ఆ తలుపు పక్కన చెక్క స్టాండు మీద గుడ్డ కప్పిన పెద్ద పంజరం. అందులో కిరీటం. దాని దగ్గరికి ఎవరినీ వెళ్లనివ్వడు బావ. బెదురుతుందంటాడు. వాచీలమ్మ ఇన్నేళ్లలో దాన్ని గుమ్మం దగ్గర నిలబడి చూసిందే తప్ప పక్కన నిలబడి చూసింది లేదు.

ఇక్కణ్ణించి మీరు కూడా కాస్త మెల్లిగా చదవండి. ఈ తగాదా అంతా గుసగుసల్లోనే నడిచింది.

"ఏదీ?" అంది వాచీలమ్మ, ఊపిరంత గొంతుతో.

బావ గూటిపెట్టె మూత రెండు వేళ్ల మందం లేపాడు. "చూడు, కళ్లు తెరుచుకుని చూడు."

లోపల మూడు పిల్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి. రెండు బూడిదరంగువి, ముక్కులు బొగ్గులాగా నల్లగా. మూడోదాని ముక్కు పాలిపోయి ఉంది. రెక్కల మీద ఈకలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. చల్లారిన పాలమీద తేలే రంగు.

వాచీలమ్మ గూటిపెట్టె మీదికి ఇంకా వంగింది.

"ఊ? ఏమంటావు?" బావ మొహం వెలిగిపోతోంది. "మీగడ! నీ మేడమీద ఇన్నేళ్లుగా మళ్లీ పుట్టించడానికి ఒళ్లు హూనం చేసుకున్నావే, ఆ మీగడ! నా కిరీటం ఒక్క విడతలో తీసి చేతిలో పెట్టాడు. ఇప్పుడు చెప్పు, పుంజంటే ఏది?"

ఆమె చూపు ఆ పిల్ల మీంచి కదల్లేదు. చేత్తో బల్ల అంచు పట్టుకుంది.

"సంతోషంతో మాట రావట్లేదు" అన్నాడు బావ షావుకారుతో.

"బావగారూ, కిరీటాన్ని ఎక్కణ్ణించి తెచ్చారు?"

"ఎందుకిప్పుడు?"

"చెప్పండి."

"చెప్పానుగా ఎప్పుడో. పదవి దిగిన ఒక జడ్జిగారి దగ్గర. ఆయన ఊరొదిలి వెళ్తూ, ఏడుస్తూ నా చేతిలో పెట్టాడు."

"ఓడ కెప్టెన్ కదండీ?" అన్నాడు షావుకారు గుసగుసగా. "నాకు కెప్టెనన్నారు. తుపానులో పిట్ట కూత విని దారి కనుక్కున్నాడన్నారు."

"మీరు ఊరుకోండి."

"మా బావమరిదికి సర్కస్ కంపెనీ అని చెప్పారట. గుర్రం మీద స్వారీ చేసేదట ఈ పిట్ట."

"నురగ ఆరిపోతోంది, వెళ్లి కూర్చోండి షావుకారుగారూ!"

వాచీలమ్మ గూటిపెట్టె మూత మెల్లిగా దించింది. వేలు కూడా వణకలేదు. గడియారంలో మర బిగించే చెయ్యి అది.

"జాగ్రత్తగా వినండి బావగారూ. ఈ మీగడ రంగు తల్లి ఒక్కదాని దగ్గర ఉంటే పైకి రాదు. తండ్రి ఒక్కడి దగ్గర ఉన్నా రాదు. లోపల దాక్కుంటుంది, బూడిదరంగు కిందే ఉండిపోతుంది. ఇద్దరి దగ్గరా ఉండి, పిల్లకి ఇద్దరూ ఇస్తేనే ఇలా బయటపడుతుంది. పెంకి దగ్గర ఉంది. నాకు తెలుసు, ముసలి మీగడ కూతురు కాబట్టి."

"అదే కదా, పెంకి నుంచే..."

"కిరీటం దగ్గర కూడా ఉండాలి."

"ఉంది! అందుకేగా గొప్పవాడు!"

"ఈ రంగు నా గదిలో తప్ప ఎక్కడా లేదు."

బావ నోరు తెరిచాడు. ఏదో చెబుదామనుకున్నాడు. అప్పుడు, చూస్తుండగానే, తనేం చూపించాడో ఆయనకి అర్థమవుతూ వచ్చింది. కుచ్చు కొంచెం కిందికి వాలింది. ఊరందరికీ జడ్జినీ కెప్టెన్‌నీ సర్కస్‌నీ అప్పగించిన మనిషి, సొంత చేత్తో గూటిపెట్టె మూత తీసి దొంగసొత్తు చూపించుకున్నాడు. పైగా దణ్ణం పెట్టమన్నాడు!

"జడ్జిగారింట్లో కూడా... ఉండొచ్చు కదా, ఆ రంగు. ప్రపంచం పెద్దది" అన్నాడు.

వాచీలమ్మ మెడలో తాడుకి వేలాడుతున్న నల్లటి కంటి అద్దం తీసి కంటికి బిగించుకుంది. సందు తలుపు పక్కనున్న పెద్ద పంజరం దగ్గరికి వెళ్లి, గుడ్డ తీసేసి, నేలమీద చతికిలబడింది.

"దాన్ని బెదరగొట్టకు! మరదలా, చెబుతున్నాను..."

"అరవకు బావా. గూట్లో పిల్లలున్నాయి."

మీరు గమనించారో లేదో, ఇరవయ్యేళ్లుగా బావగారైనవాడు ఒక్క దెబ్బకి బావ అయ్యాడు. అండీలు అన్నీ రాలిపోయాయి. ఇక తిరిగి రావు.

కిరీటం పుల్లమీద అటూ ఇటూ గంతులేసి నిలబడింది. ఎడమకాలు ముందుకొచ్చింది. వెనక వేలికి గోరు లేదు.

ఆమెకి ఆ గోరు తెలుసు. తను తీసిన గోరే అది. గూటి పీచు పోగొకటి ఆ పిల్ల కాలికి చుట్టుకుని వేలు నల్లబడితే, ఇదే కంటి అద్దం పెట్టుకుని, వాచీల పట్టకారుతో పోగు విప్పింది తను. పిల్లని గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డవాడు తమ్ముడు. గోరు ఊడినప్పుడు పిల్ల కిక్కురుమనలేదు, తమ్ముడే కళ్లు మూసుకుని "అయిపోయిందా అక్కా, అయిపోయిందా" అన్నాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే ఆ పిల్ల మాయమైంది. వాడే గడియ వెయ్యలేదని ఇంట్లోంచి వెళ్లగొట్టింది. "నీ మొహం నాకు చూపించకు" అన్న మాట కూడా ఆమెదే. వాడు నిజంగానే చూపించలేదు. ఈమె అటు వెళ్తుంటే టైరులోకి తల దూర్చేసేవాడు.

"బావా." గుసగుసే. కానీ ఆ గుసగుసకి షావుకారు రెండడుగులు వెనక్కేశాడు. "ఇది నా పిట్ట."

"గోరు లేని పిట్టలు..."

"అబద్ధమాడావంటే నీ కుచ్చు నీ కత్తితోనే గీసేస్తాను. ఇది ముసలి మీగడ కొడుకు. పెంకేమో ఆ ముసలి మీగడకే కూతురు. ఒకే తండ్రి పిల్లల్ని తెచ్చి ఒకే గూట్లో పెట్టావు. బయటి రక్తం కావాలని నా చేతులారా నీకిస్తే, నా రక్తమే నాకు తిప్పి ఇచ్చావు. సరే, నీకా సంగతి తెలీదనుకుందాం. నీకు తెలిసిన సంగతి చెప్పు. అయిదేళ్లు! మా తమ్ముడు నీ షాపు ముందు నుంచే రోజూ వెళ్తాడు. నీ దగ్గరే గడ్డం చేయించుకుంటాడు. వాడి గొంతు మీద కత్తి పెట్టినప్పుడైనా నీ చెయ్యి వణకలేదా?"

"వాడి దగ్గర నేనెప్పుడూ డబ్బులు తీసుకోలేదు" అన్నాడు బావ.

ఇలాంటి జవాబు చెప్పిన మనిషిని ఏం చెయ్యాలో నాకూ తెలీదు. వాచీలమ్మ పిడికిళ్లు బిగుసుకున్నాయి. అరవడానికి లేదు. కొట్టడానికి లేదు, కొడితే పంజరాలు ఊగుతాయి. ఆ మీగడ పిల్లకి ఇంకా ఎగరడం రాలేదు. దాన్ని ఇప్పుడు తీసుకుపోతే చస్తుంది. దాని తల్లికి గింజలేసేది, నీళ్లు పెట్టేది ఈ మనిషే. తమ్ముడు నిర్దోషి అని చెప్పే సాక్షి దొంగ చేతి మేత తిని బతకాలి. అంత కోపాన్ని ఆమె గుటక వేసి మింగింది. గొంతులో అది దిగడం షావుకారు చూశానని తర్వాత ఊరంతా చెప్పాడు, గుండ్రాయంత ఉందని.

"దొంగతనం ఎప్పుడు చేశావు? నా ఇంట్లోకి ఎలా వచ్చావు?"

"నేను దొంగని కాను." బావ గొంతు మొదటిసారి నిజం చెప్పే మనిషి గొంతులాగా వినిపించింది, అందులో గొప్పలు లేవు. "నీ మేడ మెట్లు నేనెప్పుడూ ఎక్కలేదు. ఒట్టు. నా చేతికి తెచ్చి ఇచ్చారు."

"అక్కా?"

"మీ అక్కకి ఏమీ తెలీదు. దాన్ని ఇందులోకి లాగకు."

"మరి ఎవరు?"

బావ నేలవైపు చూశాడు. తర్వాత, అప్పటికి పదోసారి అనుకుంటాను, సందు తలుపు వైపు చూశాడు.

"ఎవరి కోసం చూస్తున్నావు? నేను వచ్చినప్పట్నించీ ఆ గుమ్మం ఈ గుమ్మం చూస్తున్నావు. ఎవరొస్తారు?"

"ఎవరూ రారు. నువ్వు వెళ్లు. సాయంత్రం నేనే మీ ఇంటికొచ్చి అన్నీ చెబుతాను. ఇప్పుడు మాత్రం వెళ్లిపో మరదలా, నీ కాళ్లు పట్టుకుంటాను."

"పేరు చెప్పేదాకా కదలను."

"ఏమండీ, నా రెండో చెంప..." అన్నాడు షావుకారు.

అప్పుడే సందు తలుపు కిర్రుమంది.

తలుపు లోపలికి తెరుచుకుని, చతికిలబడ్డ వాచీలమ్మని తన వెనక్కి దాచేసింది. బావ దువ్వెన పట్టుకుని గాల్లో ఏవో సైగలు చేశాడు. ఎండలోంచి చీకటి గదిలోకి వచ్చిన మనిషికి ఆ సైగలు కనిపించలేదు. ముందు గడప మీద ఒక పంజరం దిగింది. దానిమీద పాత చీరముక్క కప్పి ఉంది. లోపల్నించి ఒక పిట్ట బొంగురుగా రెండు కూతలు కూసింది. గూటిపెట్టెలో పెంకి తలెత్తి ఆ కూతకి బదులిచ్చింది. తండ్రి గొంతు పోల్చుకుంది.

ఆ పిట్టకి వాచీలమ్మ పొద్దున తన చేత్తో నీళ్లు పెట్టి వచ్చింది. ఆ చీరముక్క కూడా ఆమెకి తెలుసు. అది కట్టుకున్న మనిషి ఒళ్లోనే పెరిగింది.

వాళ్లమ్మ గడప దాటి, నడుం పట్టుకుని నిటారుగా నిలబడి, అల్లుడి వైపు చూసి నవ్వింది.

"ఇదిగో నాయనా, ముసలోణ్ణి తెచ్చేశాను. అమ్మాయి కొట్లో కూర్చుని ఉంటుంది, సాయంత్రం దాకా మేడెక్కదు. గది తలుపు బార్లా తెరిచి వచ్చాను, పోయినసారి లాగే." ఆమె చెమట తుడుచుకుంది. "అబ్బాయి ఇప్పుడు ఇంట్లో లేడాయె. ఈసారి గడియ ఎవరు వెయ్యలేదని చెబుదాం?"